గూడబాతులకు రెండు ఊళ్ళు

కొల్లేటిలో చేపలన్నీ గూడబాతులే తినేస్తున్నాయనీ, అవి గూళ్ళు పెట్టుకునే ఊరికి తుపాకులవాళ్ళను పంపి కాల్పించవలసిందనీ మా కచేరీకి ఒక అర్జీ వచ్చింది. రాత ఒకరిది, అడుగున వేలిముద్రలు చాలామందివి. విచారణకు వెళ్ళవలసిన ఇన్‌స్పెక్టరు గారు చలిజ్వరంతో మంచం పట్టారు. పై అధికారి నన్ను పిలిచి, "మీరు వెళ్ళి చూసి రండి. బుధవారం సాయంత్రానికి రిపోర్టు నా చేతిలో ఉండాలి. గురువారం నేను క్యాంపుకి పోతున్నాను. దాని మీద సంతకం చేసిపోతే కాల్చేవాళ్ళు ఈ నెలలోనే బయల్దేరతారు," అన్నారు.

ఇరవై రెండేళ్ళుగా ఏలూరులో గుమాస్తాగా ఉన్నాను. కాగితాలు చూసి చూసి కళ్ళు మసకబారాయి, కుర్చీలో కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేశాయి. ఆ మాఘమాసంలో నాకు కావలసింది సెలవు. దొరికింది ప్రయాణం. కాదనే ఓపిక కూడా లేక సరేనన్నాను.

సోమవారం ఉదయం ఆరున్నరకు ఏలూరు స్టేషనులో పాసింజరు ఎక్కాను. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం కట్టి ఇచ్చింది. మూడో తరగతి పెట్టెలో జనం ఎక్కువ లేరు. ఎదుటి బల్ల మీద బెల్లం వర్తకుడు ఒకాయన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"పక్షుల మీద రిపోర్టా అండీ?" అని ఆయన కాసేపు ఆలోచించాడు. "అయితే మనుషుల సంగతి అయిపోయిందన్న మాట."

నవ్వవలసిన మాటే. నాకు నవ్వు రాలేదు. దెందులూరు దాటేదాకా కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. భీమడోలు దగ్గర మంచు విడిచింది. కోతలైన చేలల్లో మినుము పచ్చగా లేచి ఉంది.

బండి తాడేపల్లిగూడెం చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. స్టేషను బయట బియ్యం మిల్లుల పొగా, గాలిలో ఎగిరే ఊకా. గొంతు పట్టేసింది. ఒక హోటల్లో కాఫీ తాగి, బండి కోసం విచారించాను. జట్కావాళ్ళు అంత దూరం రామన్నారు. చివరికి మిల్లుకు వడ్లు దింపి తిరిగి వెళ్తున్న రెండెడ్ల బండి దొరికింది. బండివాడు గడ్డి పరిచి నన్ను ఎక్కించుకున్నాడు. చేతికి ఇచ్చిన డబ్బు చూసుకోకుండానే రొంటిన దోపుకున్నాడు.

నేను వెళ్ళిన ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. పక్షుల్ని చూడాలని వెళ్ళేవారికి తాడేపల్లిగూడెంలో ఎవరైనా దారి చెబుతారు. తుపాకీ ఉన్నవారు కూడా పత్రికలు చదువుతారు కనుక ఇంతకంటే రాయను.

రెండున్నర గంటలు పట్టింది. ఊరు కనబడకముందే వాసన తగిలింది. కుళ్ళిన చేపా, సున్నమూ కలిసినట్లుండే వాసన. బండివాడు వెనక్కి తిరిగి, "అలవాటు పడతారండి. ఓ గంట పడద్ది," అన్నాడు.

ఊరి చివర వీరమ్మగారి దొడ్డి. ఆవిడకు యాభై ఏళ్ళుంటాయి. భర్త పోయాక రెండెకరాలు తనే చేయించుకుంటున్నారు. కొడుకు పక్క ఊళ్ళో కౌలు చేస్తున్నాడు. కరణంగారు నన్ను అక్కడికి తీసుకెళ్ళి, "కచేరీ నుంచి వచ్చారమ్మా, పక్షుల్ని చూస్తారట," అని చెప్పి ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు.

దొడ్డి నిండా తాడిచెట్లు, మధ్యలో రెండు చింతచెట్లు. ప్రతి మట్ట మీదా గూడు. ఒక్కొక్క గూట్లో బూడిదరంగు పెద్ద పక్షి ఒకటి. దాని ముక్కు కింద తోలుసంచి, చేనుకు నీళ్ళు తోడే గూడ లాగే వేలాడుతోంది. పేరు ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. ఏలూరులో ఇన్నేళ్ళున్నాను, ఆ పక్షులు మా ఇంటి మీదుగా ఎప్పుడైనా వెళ్ళాయో లేదో నేను తలెత్తి చూసిన గుర్తు లేదు.

చెట్లూ, వీరమ్మగారి పాక పైకప్పూ, బావి గట్టూ అన్నీ రెట్టతో తెల్లబడ్డాయి. ఆవిడ నాకు నీడలో కాకుండా ఎండలో పీట వేశారు.

"చెట్టు కింద కూర్చోకండి. మీ కోటు పాడవుద్ది," అన్నారు.

"ఇవి ఎన్నాళ్ళ నుంచి ఇక్కడున్నాయమ్మా?"

"మా అత్తగారు కాపరానికి వచ్చేసరికే ఉన్నాయంటండి. ఏటా వానలు తగ్గాక వస్తాయి, ఎండలు ముదిరేసరికి పోతాయి."

"ఇబ్బంది లేదా?"

ఆవిడ నన్ను వింతగా చూశారు. "లేకేమండి. ఈ నాలుగు నెలలూ మా ఇంటికి చుట్టాలు రారు. బావిమీద తడిక కప్పుకోవాలి. గుడ్డలు ఆరేసుకోడానికి లేదు. రాత్రి ఒకటే గురగుర. నిద్ర చాలదండి."

"మరెందుకు తోలెయ్యరు?"

చెట్ల కింద మట్టి వైపు చూపించారు. నల్లగా, తెల్లగా కలిసిపోయిన మట్టి. దాన్ని పారతో చెక్కి, వేసవిలో తన రెండెకరాలకీ ఎరువుగా తోలిస్తారట. ఊళ్ళో అందరూ అంతేనట. అది నేను రిపోర్టు కోసం రాసుకున్నాను. రాసుకుంటుంటే ఆవిడ ఇంకా చెప్పారు.

"మావాడు కడుపులో ఉన్నప్పుడు ఎవరో దొరలొచ్చి కాల్చారండి. పది పక్షులో, పన్నెండో పడ్డాయంతే. మిగిలినవన్నీ ఒక్కసారి లేచిపోయాయి. గుడ్లూ, పిల్లలూ గూళ్ళలోనే ఉండిపోయాయి. మూడు రోజులు పిల్లలు అరిచాయి. తర్వాత అరుపు లేదు. మళ్ళీ రెండేళ్ళదాకా ఒక్కటి రాలేదు."

"పంటకి నష్టం వచ్చిందా?"

"తగ్గిందండి. పెంట లేకనో, పాపమో, వానలు సరిగా పడకో నాకు తెలీదు. మీరు రాసుకునేదుంటే తెలీదని రాసుకోండి."

అలాగే రాసుకున్నాను.

మధ్యాహ్నం మజ్జిగ ఇచ్చారు. నేను పెరుగన్నం తిని, పాక వెనక చాప మీద నడుం వాల్చాను. వాసన అలవాటు కాలేదు, కానీ అలసట దాన్ని గెలిచింది. నాలుగింటికి ధబ్బుమన్న శబ్దానికి లేచాను. చింతచెట్టు మీద నుంచి పిల్ల ఒకటి పడింది. ఈకలు లేని నల్లటి శరీరం, నోరు తెరుచుకుని ఉంది. వీరమ్మగారు దాన్ని చేటలోకి తీసుకుని అరుగు మీద పెట్టారు.

"బతుకుతుందా?"

"సూరన్న వస్తే చూద్దామండి."

సూరన్న అంటే కల్లుగీసే మనిషి. అయిదింటికి వచ్చాడు. ఆవిడ ఏమీ అడగలేదు, చేట చూపించారు. అతను విసుక్కుంటూ పిల్లను తుండుగుడ్డలో చుట్టి భుజానికి వేలాడదీసుకున్నాడు. "నాకు చెట్టెక్కితే కల్లొస్తదండి. ఈవిడికి చెప్పండి, ఇవి ఎక్కిస్తే ఏమొస్తదో," అని నాతో అంటూనే చింతచెట్టెక్కాడు. పైన ఉన్న తల్లి ముక్కుతో టపటపా కొడుతూ అతని చెయ్యి గీరింది. దిగాక చూపించాడు, మోచేతి దగ్గర నెత్తురు. "రోజూ ఇదే," అన్నాడు.

పొద్దు వాలుతుండగా నైరుతి వైపు నుంచి వరసలు వరసలుగా పక్షులు వచ్చాయి. పొద్దున్నే మేతకు వెళ్ళినవి ఇవి. రెక్కలు ఆడించకుండా తేలుతూ వచ్చి, చెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బరువుగా కూలబడుతున్నాయి. పిల్లలు ఆ సంచుల్లోకి తలలు దూర్చి తింటున్నాయి. ఒక గూడు మీద పక్షి మాత్రం మెడ చాచి ఆ దిక్కుకే చూస్తూ కూర్చుంది.

"దాని జత రాలేదు," అన్నారు వీరమ్మగారు. "ఒకటి కాపలా ఉంటే ఒకటి మేతకి పోద్దండి. జత రాకపోతే రెండోది రెండు రోజులు చూస్తది. ఆకలికి ఆగలేక అదీ లేచిపోతది. అప్పుడు పిల్లల పని అయిపోయినట్టే."

"ఎక్కడికి వెళ్తాయో తెలుసా మీకు?"

"ఆ మూలకి పోతాయి. అటు ఏముందో నేనెప్పుడూ వెళ్ళలేదండి."

"కొల్లేరు ఉందమ్మా."

"అంత దూరమా?" అని ఆవిడ తలుపు దగ్గరే నిలబడిపోయారు. "పిల్లల కోసం రోజూ అంత దూరం పోయి వస్తున్నాయా?"

అర్జీ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ రాత్రి కరణంగారి అరుగు మీద పడుకున్నాను. మంగళవారం ఎనిమిదింటికి, ఎండ వేడెక్కాక, పక్షులు చెట్ల మీద నుంచి లేచి గుండ్రంగా తిరుగుతూ పైకి పోయి, నైరుతికి మళ్ళాయి. అది చూసి నేనూ బయల్దేరాను. తిరుగు బండి దొరకడం ఆలస్యమై, తాడేపల్లిగూడెం స్టేషనులో మధ్యాహ్నమంతా బెంచీ మీద గడిచింది. ఏలూరు చేరేసరికి దీపాలు పెట్టారు. మా ఆవిడ కోటు విప్పించి పెరట్లో వేడినీళ్ళు పెట్టింది. రెండుసార్లు స్నానం చేశాను.

బుధవారం తెల్లవారుజామున అయిదున్నరకు మళ్ళీ ఎడ్లబండి. ఈసారి దక్షిణంగా, కొల్లేటి ఒడ్డుకి. ఏలూరు నుంచి వెళ్ళదలచినవారు తెల్లవారుజామునే బయల్దేరడం మంచిది. దారి అంతా గతుకులు, పైగా మంచు. తాగడానికి మంచినీళ్ళూ, తినడానికి అటుకులో ఏవో వెంట ఉండాలి. తొమ్మిదింటికి రేవు చేరాను. రేవంటే బురదలో పాతిన నాలుగు కర్రలు. అర్జీలో మొదటి వేలిముద్ర నాగయ్యది కనుక అతన్ని పిలిపించాను. అరవై ఏళ్ళవాడు, ఎండి గట్టిపడిన మనిషి. తాడిమాను తొలిచి చేసిన దోనెలో నన్ను ఎక్కించుకుని గెడ వేశాడు.

"తమరు పాటదారుగారి తాలూకానాండీ?" అని అడిగాడు. సరస్సులో చేపలు పట్టే హక్కు వేలంలో పాడుకున్న ఆసామీని వాళ్ళు పాటదారు అంటారు. వీళ్ళు పట్టినదాంట్లో ఆయనకు శిస్తుగా వాటా ఇవ్వాలి.

"కాదు. కచేరీ నుంచి. మీరు పెట్టిన అర్జీ మీద."

"శిస్తు తగ్గించమని పెట్టిందేనా అండీ? తగ్గిస్తారా?"

అర్జీ తీసి చదివాను. గెడ ఆపి విన్నాడు. నీళ్ళ మీద దోనె దానంతటదే కొంతదూరం పోయి ఆగింది.

"శిస్తుదని చెప్పి పాటదారుగారు మాచేత ఏలిముద్రలేయించారండి," అన్నాడు చివరికి. ఇంకాసేపటికి, "ఈ మాట రాయకండి బాబూ. రాస్తే రేపట్నుంచి నన్ను నీళ్ళలోకి దిగనివ్వరు," అన్నాడు.

రాయనని చెప్పాను.

"అయితే పక్షులు చేపలు తినవా?" అని అడిగాను.

"తింటాయండి. తినకేం. వలలోదీ తింటాయి, వల చింపీ తింటాయి. తినవని నేను చెప్పను." గెడ మళ్ళీ వేశాడు. "కానండీ, ఇంత నీళ్ళలో చేప ఎక్కడుందో నాకెలా తెలుసుద్ది? అవి వాలిన చోటికి పోతాను. పక్షి లేని చోట వలేస్తే గడ్డే వస్తది. మా నాన్నా అంతే, నేనూ అంతే."

నీళ్ళు లోతు తక్కువ. కిక్కిస గడ్డి మనిషెత్తు పెరిగి, మధ్యలో పాయలు వదిలింది. పదింటికి ఈశాన్యం నుంచి గూడబాతులు వచ్చి, దూరాన ఒక చోట దిగాయి. అర్ధచంద్రాకారంగా వరస కట్టి, రెక్కలతో నీళ్ళు కొడుతూ చేపల్ని మెరక వైపుకి తోలుతున్నాయి. నాగయ్య తమ్ముళ్ళు రెండు దోనెల మీద అదే పని చేస్తూ, వాటికి కొంచెం ఎడంగా వల దింపారు. ఎవరూ ఎవర్నీ తరమలేదు.

నాగయ్య నన్ను తన వల దగ్గరికి తీసుకెళ్ళాడు. వెదురుకర్రలకు కట్టిన పొడుగాటి వల. దాని చివర ఏదో కొట్టుకుంటోంది. దగ్గరికి పోతే గూడబాతు. ఎప్పుడు చిక్కుకుందో, నీళ్ళలో నాని, రెక్క ఒకటి భుజం దగ్గర విరిగి వెనక్కి తిరిగిపోయింది. చుట్టూ మూరల కొద్దీ వల చిరిగిపోయింది.

నాగయ్య వలకేసి చూసి, "పది రోజుల పనండి," అన్నాడు. అతని గొంతులో కోపం ఉంది. నడుముకున్న కత్తి తీశాడు. పక్షిని చంపుతాడనుకున్నాను. పక్షి కాళ్ళకీ, మెడకీ చుట్టుకున్న తాళ్ళు ఒక్కొక్కటే కోశాడు. మిగిలిన వల కూడా దాంతోపాటు తెగింది. రెండు చేతులతో పక్షిని ఎత్తి దోనెలో నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

అది భయంతో ఒక్కసారి మెడ వంచి, సంచిలో ఉన్నదంతా కక్కింది. సగం అరిగిన చిన్న చేపలు. అలా అరగనిచ్చి పిల్లలకు పెడుతుందని నేను మొన్న కళ్ళారా చూశాను.

"ఇది మొన్నటి మేతండి. ఇంటికి పోతూ పడ్డట్టుంది," అన్నాడు నాగయ్య.

వీరమ్మగారి దొడ్లో మెడ చాచి కూర్చున్న పక్షి నా కళ్ళ ముందు నిలిచింది. దీని జత అదే అని చెప్పలేను. వందల గూళ్ళున్నాయి. కానీ ఎక్కడో ఒక గూట్లో దీని కోసం చూసేది ఉంటుంది. ఆ మాట నాగయ్యకు చెప్పాను. తాడిచెట్లూ, ఆ దొడ్డీ, చేటలో పిల్లా, మోచెయ్యి గీరుకుపోయిన సూరన్నా, అన్నీ చెప్పాను. కచేరీలో నోరు విప్పని మనిషిని నేను. అంతసేపు ఎలా మాట్లాడానో తెలియదు.

నాగయ్య గెడ ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. "సాయంత్రం అటు పోతాయని తెలుసండి. అక్కడ ఒక ఆడమనిషి వీటికి చోటిచ్చిందని తెలీదు," అన్నాడు. తర్వాత, "రెక్క అతుకుతదేమో మీ కచేరీలో ఎవరికైనా తెలుసునాండీ?" అని అడిగాడు.

తెలియదన్నాను. మా దగ్గర ఉన్నవన్నీ కాల్చడానికి కావలసిన కాగితాలే.

సరస్సు మధ్య లంకలో అతని పాక చేరేసరికి పన్నెండున్నర. అతని భార్య సీతాలు పక్షిని నీడలో గోనె మీద పెట్టి, చిన్న చేపలు ముందుంచింది. అది ముట్టలేదు. నాకు కాల్చిన తేగలు పెట్టింది. తెచ్చుకున్న నీళ్ళు అయిపోతే కొల్లేటి నీళ్ళు ఇచ్చింది. ఒక్క క్షణం తటపటాయించి తాగాను. కొద్దిగా గడ్డివాసన వేసింది, అంతే.

రెండు గంటలకు పక్షి తల వాల్చింది. దాని కన్ను పసుపుపచ్చగా ఉండి, పోయేటప్పుడు పైన తెల్లటి పొర జారింది. సీతాలు గోనె దాని మీద కప్పింది. నాగయ్య చిరిగిన వల ఒళ్ళో వేసుకుని అప్పటికే అల్లడం మొదలుపెట్టాడు. "పాటదారుగారు అడిగితే పక్షి చింపిందని చెప్పకే. మళ్ళీ అర్జీ అంటాడు. కిక్కిసకి తగులుకుందని చెప్పు," అన్నాడు భార్యతో. ఆవిడ తలూపింది.

మూడింటికి రేవులో బండెక్కాను. దారిలో ఇరుసుకి ఆముదం పెట్టడానికి బండి ఆపినప్పుడు, గట్టు మీద కూర్చుని రిపోర్టు రాశాను. మొదట మూడు పేజీలు వచ్చింది. చదువుకుంటే అందులో నాగయ్యను బయటపెట్టే మాటలే ఎక్కువ కనిపించాయి. చించేసి రెండు వాక్యాలే మళ్ళీ రాశాను. ఈ పక్షుల వల్ల చేపలు పట్టేవారికి నష్టం ఉంది. కాల్చవలసిన అవసరం లేదు.

ఏలూరు చేరేసరికి ఆరు దాటింది. తిన్నగా అధికారి గారింటికి వెళ్ళాను. ఆయన వరండాలో పెట్టె సర్దించుకుంటున్నారు. కాగితం అందుకుని, వెనక్కి తిప్పి చూశారు.

"ఇంతేనా? మూడు రోజులు తిరిగారు."

"ఇంతేనండి."

"నష్టం ఉందంటారు, కాల్చవద్దంటారు. మధ్యలో కారణం ఏదండీ?"

"నష్టపడేవాళ్ళు కాల్చమనడం లేదండి."

"మరి వేలిముద్రలు?"

నాగయ్యకు నేనిచ్చిన మాట ఉంది. ఆయన నన్ను కాసేపు చూశారు. నా కోటుకీ, ధోవతికీ బురద. చేతులకింకా ఆ వాసన పోలేదు. ఇరవై రెండేళ్ళలో ఏ కాగితం విషయంలోనూ నేను ఏ అధికారి ముందూ ఇలా నిలబడలేదు. ఆయన కలం తీసి, చర్య అక్కరలేదు, అర్జీ దాఖలు చేసి మూసేయవలసిందని రాసి సంతకం పెట్టారు.

"వచ్చే ఏడు మళ్ళీ పెడతారు," అన్నారు.

"పెడతారండి."

"అప్పుడు మీరే వెళ్ళాలి."

"వెళ్తానండి," అన్నాను. ఆ మాట అనేసరికి మోకాళ్ళు నొప్పెట్టడం గుర్తొచ్చింది.

అక్కడి నుంచి ఇంటికి నడిచే వెళ్ళాను. కాలవ గట్టు మీద చీకటి పడుతోంది. ఈ మూడు రోజుల్లో పక్షులంటే తనకు ఇష్టమని చెప్పిన మనిషి ఒక్కరూ తగల్లేదు. వీరమ్మగారికి నిద్ర చాలదు, సూరన్న చేతికి గాయం, నాగయ్య వల చిరిగింది. ముగ్గురూ విసుక్కున్నారు. విసుక్కుంటూనే చోటిచ్చారు. నేలకీ నీళ్ళకీ దగ్గరగా బతకడమంటే అదేనేమో, నాకు అంతకంటే మంచి మాట దొరకలేదు. మా వీధి మొదట్లో ఒక్కసారి ఆగి తలెత్తి చూశాను. ఆకాశంలో ఏమీ లేదు. ఆ వేళకి అవి ఎప్పుడో చేరిపోయి ఉంటాయి.

ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పాను. మా ఆవిడ లోపల నుంచి భోజనానికి పిలిచింది. లేవడానికి కొంతసేపు పట్టింది.